తెల్లగుడ్డ ముడి

కొత్తదిబ్బ,
ఏప్రిల్ 1963

తమ్ముడు చిన్నపోలయ్యకు,

దీవెనలు జాబు చివర రాస్తాను, అప్పటికి కోపం తగ్గితే. ముందు సంగతి విను.

ఈ ఏడు కూడా మాకు బురద తావే వచ్చింది. వరసగా మూడో ఏడు. ఊళ్ళోవాళ్ళు రొయ్యలు బుట్టలకెత్తుకుంటుంటే మీ బావ మోకాలి లోతు బురదలో వల కట్టి, పొద్దుగూకేసరికి గుప్పెడు పిల్లచేపలు తెచ్చి నా ముందు పోస్తాడు. పిల్లి కూడా వాసన చూసి వెళ్ళిపోతుంది. ఇలాగైతే పడవ అమ్మేసి ఉప్పుకయ్యల్లో కూలికి పోదామంటున్నాడు. మా మామగారు చెక్కించిన పడవ! నేను బతికుండగా అమ్మనివ్వను.

నువ్వు నెల్లూరు చేరి వకీలు గుమాస్తావయ్యాక మన ముడుల పద్ధతి మరిచిపోయి ఉంటావు. ఉగాది వెళ్ళాక గంగమ్మ గుడి ముందు కడవ పెడతారు. ఇంటికొక ముడి. ఏ ఇంటి ఆడది పేనిన తాడుతో ఆ ఇంటి ముడి వేసి, కొసకు ఆ ఇంటి రంగు గుడ్డపీలిక కడతారు. మాది పసుపు. ఊరిపెద్ద పోలేరయ్య చిన్నకొడుకు ఓబులేసుది ఎరుపు. మొదట బయటికొచ్చిన ముడికి సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గరి తావు, ఆఖర్న మిగిలినదానికి బురద తావు. ఏడాది పొడుగునా ఎవరి తావులో వాళ్ళే వల కట్టుకోవాలి. కడవలో చెయ్యి పెట్టేది మన ముత్యాలయ్య మామ. చూపు లేనివాడికి రంగు కనపడదు, కాబట్టి పక్షపాతం ఉండదని ఊరికి నమ్మకం.

ఓబులేసు మన ముత్యాలయ్య మామ కూతురు సామ్రాజ్యాన్ని చేసుకుని, వేరు కాపురం పెట్టి, కడవలో తన ముడి వేసిన నాటినుంచీ ఎరుపే ముందు, పసుపే వెనక. నిరుడు మాత్రం ఎరుపు రెండోది వచ్చింది. అది మనకు అనుమానం రాకూడదని చేసిన పని. మామ, పాపం, ఆయన చేతిలో ఏముంది! కడవకే ఏదో చేశారు.

ఇది పోలేరయ్య ఒక్కడి పని కాదు. గూడూరు రొయ్యల షావుకారు పద్మనాభయ్య వెనకుండి నడిపిస్తున్నాడు. కడవ బడిలో దాచి తెచ్చేది పంతులు రంగనాయకులు, ఆయనకూ వాటా ఉంది. చేపల ఇనస్పెక్టరు వచ్చిన ప్రతిసారీ పోలేరయ్య అరుగు మీదే కూర్చుంటాడు. బడిలో పాలపొడి పోస్తున్నారే, అమెరికాది, అది తాగినప్పట్నించీ మా వాడల పిల్లలకు తెడ్డు వెయ్యడానికి సత్తువ లేదు, పోలేరయ్య మనవలకు మాత్రం ఉంది. ఎలా ఉంది? అన్నీ ఒకటే అల్లిక. ఒక కన్ను లాగితే వలంతా కదులుతుంది.

మీ వకీలుగారి చేత వీళ్ళందరి పేర్లతో కలెక్టరుకు అర్జీ రాయించు. ఒక్క పేరు కూడా వదలొద్దు.

కోపం తగ్గలేదు. దీవెనలు ఇంకోసారి.

అక్క నాగులమ్మ

*

నెల్లూరు,
ఏప్రిల్ 1963

అక్కకు నమస్కారాలు.

నీ జాబు వకీలుగారి గదిలో విప్పాను. సగం చదివి, ఎవరి కంటా పడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాను. సిగ్గేసింది.

నీ మాట ప్రకారం పోలేరయ్య, గూడూరు షావుకారు, ఇనస్పెక్టరు, పంతులు, పాలపొడి పంపిన అమెరికావాళ్ళు అందరూ ఒకచోట కూర్చుని, కొత్తదిబ్బ నాగులమ్మకు బురద తావు రావాలని తీర్మానం చేశారన్నమాట. నిరుడు చైనావాడు మనమీదికొచ్చింది కూడా ఇందుకేనా? మొగలో ఇసుక మేట వేసింది కూడా పోలేరయ్యేనా, పార పట్టుకుని?

ఎరుపు మొదట వస్తే మోసం అంటావు. రెండోది వస్తే అనుమానం రాకుండా చేశారంటావు. ఆఖర్న వచ్చి ఉంటే ఏమనేదానివి? అప్పుడూ మోసమే అనేదానివి. ఏం జరిగినా నీ మాటే నిజమయ్యేట్టుంటే ఇక ఆ మాటకు విలువేముంది? అర్జీ పెడితే ముందు అడిగేది ఏమిటో తెలుసా? ఎవరు చేశారు, ఎలా చేశారు, నీకెలా తెలుసు? వీటికి నీ దగ్గర జవాబు లేదు. "అన్నీ ఒకటే అల్లిక" అంటే కోర్టులో బంట్రోతు కూడా నవ్వుతాడు.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం నేను కాను. ఎవరో ఒకరికి బురద రావాలి కదా. మూడేళ్ళు నీకే రాకూడదని ఎక్కడుంది? జవాబు దొరికేదాకా నోరు మూసుకో. బావను పడవ అమ్మొద్దని నా మాటగా చెప్పు.

తమ్ముడు చిన్నపోలయ్య

*

కొత్తదిబ్బ,
మే 1963

వకీలు గుమాస్తా చిన్నపోలయ్య గారికి,

నోరు మూసుకోమన్నారు కాబట్టి తెరిచాను.

మొన్న అమావాస్యకు ఊరంతా గుడి దగ్గర కూడినప్పుడు లేచి నిలబడి అన్ని పేర్లూ చెప్పాను. షావుకారు, ఇనస్పెక్టరు, పంతులు, పాలపొడి, అన్నీ. మీ బావ కొంగు పట్టుకుని లాగుతున్నా ఆగలేదు. అంతా విని పోలేరయ్య ఏమన్నాడో తెలుసా?

"ఏమ్మే నాగులమ్మా, ఇంకెవురన్నా మిగిలినారా? గంగమ్మ తల్లి కూడా మా పక్కే చేరిందంటావా?"

ఊరంతా పగలబడి నవ్వింది. మస్తానమ్మ నవ్వింది. నా కానుపులకు రెండుసార్లూ పక్కనున్న మస్తానమ్మ! పోలేరయ్య మాత్రం నవ్వలేదు. ఆ మాట అనేసి తల వంచుకుని చుట్ట వెలిగించుకున్నాడు. తప్పు చెయ్యనివాడు అందరితోపాటు నవ్వుతాడు గదా? చూశాను నేను.

పెద్దలు తీర్పు చెప్పారు. వచ్చే ఉగాది ముడుల నాటికి నేనన్నది రుజువు చెయ్యాలట. లేకపోతే మా ఇంటి ముడి ఇక కడవలో పడదు. అంటే ఏమిటో నీకు చెప్పాలా? సరస్సులో మాకు బురద తావు కూడా ఉండదు. పడవ ఒడ్డున పడి ఎండిపోవడమే. మీ బావ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటాడు, లేచిపోతాడు.

నువ్వు అర్జీ రాయించనందుకు కాదు నా మంట. నువ్వు కూడా నవ్వావు. చైనావాడు, పార, బంట్రోతు! అక్క ఏడుస్తుంటే నీకు వేళాకోళాలు దొరికాయి. సరే, నేను చెప్పిన పది మాటలు తప్పే అనుకో. పది తప్పయితే పదకొండోది కూడా తప్పేనా? మూడేళ్ళ ఆ పసుపుముడి సంగతేమిటి? దానికి జవాబు చెప్పు, గుమాస్తా గారూ.

దీవెనలు లేవు.

నాగులమ్మ

*

నెల్లూరు,
జూలై 1963

అక్కా,

నీ జాబు వచ్చి చాలా రోజులైంది. కోపంతో రెండుసార్లు జవాబు రాసి చించేశాను. నువ్వు ఊరి మధ్య నిలబడి ఆ పని చేశావని చదివాక అన్నం సయించలేదు.

నేను నవ్వడం తప్పే. ఒప్పుకుంటాను. నువ్వు చేసింది కూడా ఏమిటో విను. అన్ని పేర్లు చెప్పి పోలేరయ్యను నువ్వే కాపాడావు. వాడు నిజంగా తప్పు చేసి ఉంటే, వాడికి నీకంటే మంచి చుట్టం ఈ భూమ్మీద లేదు. పాలపొడి మాట విన్నవాడు ముడి మాట ఎలా వింటాడు? పాలల్లో ఉప్పురాయి నువ్వే వేశావు.

నీ పదకొండో మాటను కొట్టిపారెయ్యను. మూడేళ్ళు వరసగా ఆఖర్న రావడం అరుదే. కాని దాన్ని ఒంటరిగా నిలబెట్టు. షావుకారుకు ఏ తావు ఎవరికొచ్చినా ఒకటే, రొయ్యలన్నీ చివరికి వాడి తక్కెడలోకే వస్తాయి. వాడికి లాభమేమిటి? ముడుల రోజు ఇనస్పెక్టరు ఊళ్ళో ఉన్నాడని నువ్వెక్కడా రాయలేదు. పంతులు కడవ తెచ్చాడు సరే, ఖాళీ కడవ తెచ్చాడు. ముడులు వేసింది మీరంతా మీ చేతుల్తోనే. ఒక్కొక్కరినీ విడివిడిగా అడుగు. జవాబు లేనివాళ్ళ పేరు కొట్టెయ్. మిగిలినది చిన్నదైనా గట్టిగా ఉంటుంది.

ఇంత కోపంలో ఒక మంచి మాట కూడా రాస్తాను. పోయిన నెల ముత్యాలయ్య మామను కళ్ళు చూపించడానికి ఓబులేసు పెద్దాసుపత్రికి తీసుకొచ్చాడు. చూపు రాదన్నారు. రెండు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. నీకు రాయలేదు. రాస్తే "ఓబులేసు ఎందుకొచ్చాడు, డాక్టరుకూ వాటా ఉందా" అంటావని భయపడ్డాను. నిరుడు నువ్వు అల్లి పంపిన వలసంచి మా వంటింట్లో మేకుకు వేలాడుతుంది. మామ చేతికి తగిలింది. వేళ్ళతో నిమిరి, "ఇది నాగులు పేనిన తాడు గదరా? మా అక్క పురి, మీ అమ్మది. ఎడమచేతి పురి. ఊళ్ళో ఇంకెవురికీ రాదు" అన్నాడు. సంచిని చెంపకు ఆనించుకున్నాడు. నాకూ నా భార్యకూ కళ్ళు చెమర్చాయి. అలాంటి మనుషులున్న ఊళ్ళో నీకు అందరూ శత్రువులే కనిపిస్తే ఎలా అక్కా?

చిన్నపోలయ్య

*

కొత్తదిబ్బ,
ఆగస్టు 1963

చిన్నపోలయ్యా,

నీ జాబు చదువుతూ పొయ్యి మీద పులుసు మాడబెట్టాను.

సంచి ముట్టుకోగానే చెప్పాడా, కాసేపు ఆలోచించి చెప్పాడా? అది నేను పంపిన సంచి అని అంతకుముందు ఎవరైనా అన్నారా? నీ భార్యనూ అడిగి రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి, నీ కన్నీళ్ళు కలపొద్దు.

కడవలో గుడ్డ రంగు చేతికి కనపడదు. అందుకే గదా చూపు లేనివాణ్ణి పెట్టుకున్నాం. మరి తాడో? చూపుండగానే ఊళ్ళో వలలన్నీ బాగుచేసిన చెయ్యి అది. చూపు పోయాక కూడా ఆ పనే చేస్తోంది. ఇన్నేళ్ళు మేమందరం గుడ్డ వైపే చూశాం. తాడు సంగతి ఒక్కడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు, అంత తెలివైన నీకూ తట్టలేదు.

ఈ మాట ఎవరితోనూ అనకు. మీ బావకు కూడా నేను చెప్పలేదు. భూమ్మీద ఉన్నవాళ్ళందర్నీ తిట్టిన నోరు ఇది. ఈ ఒక్క పేరు పలకడానికి రావడం లేదు.

నాగులమ్మ

*

నెల్లూరు,
సెప్టెంబరు 1963

అక్కా,

నీకు పిచ్చిగానీ పట్టిందా?

మామనా? అమ్మ పోయాక మనకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. నన్ను భుజాన వేసుకుని బడికి తీసుకుపోయిన మామ. నీ జాబితాలో అమెరికావాడు అయిపోయాడు, ఇప్పుడు మామ వంతొచ్చిందా? రేపు నా పేరు కూడా చేరుస్తావు. నీ జాబు చింపేద్దామనుకున్నాను.

చింపలేదు. నువ్వడిగిన దానికి జవాబు రాయకపోతే నేను ఇన్నాళ్ళూ నీకు చెప్పిందంతా బూటకం అవుతుంది కాబట్టి రాస్తున్నాను. సంచి గురించి ఎవరూ ఏమీ అనలేదు. తగలగానే చెప్పాడు. నా భార్యా అదే అంటోంది.

అయినా ఒక మాట గుర్తుపెట్టుకో. తెలియడం వేరు, చెయ్యడం వేరు. వంటింటి తాళంచెవి ఉన్నంత మాత్రాన నెయ్యి తిన్నట్టు కాదు. ఆయన వేళ్ళకు నీ తాడు తెలుసు. అంతే. ఆ వేళ్ళు నీ ముడిని పక్కకు నెట్టాయని ఎవరు చెప్పారు?

నిజంగా తెలుసుకోవాలనుంటే ఒకటే దారి. ఏం జరుగుతుందో నువ్వు ముందే చెప్పాలి. జరిగాక "నేననుకున్నాను" అంటే కుదరదు. నువ్వన్నట్టు జరగకపోతే మామ కాళ్ళ మీద పడి, పోలేరయ్యకు ఊరందరి ముందూ దండం పెట్టి, ఇంకెప్పుడూ ఈ ఊసు ఎత్తనని నాకు మాటివ్వాలి. అలా ఓడిపోవడానికి సిద్ధపడితేనే మొదలుపెట్టు.

నువ్వు ఓడిపోవాలని నేను గంగమ్మకు మొక్కుకుంటున్నాను. ఇది నీ మీద కోపంతో కాదు.

చిన్నపోలయ్య

*

కొత్తదిబ్బ,
ఫిబ్రవరి 1964

తమ్ముడికి,

మాటిస్తున్నాను. ఓడిపోతే నువ్వు చెప్పినవన్నీ చేస్తాను, పోలేరయ్యకు దండంతో సహా. ఆ దండం తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది, అయినా చేస్తాను.

నువ్వు చెప్పినట్టే పేర్లు ఒక్కొక్కటే తీసేశాను. పాలపొడి తేలిగ్గానే పోయింది. ఇనస్పెక్టరు పోయాడు. షావుకారు పేరు తీసెయ్యడానికి మాత్రం మనసు రాలేదు. వాడు తూకంలో దొంగ, అది ఊరందరికీ తెలుసు. కాని అది వేరే దొంగతనం. ముడితో దానికి పొత్తు లేదు. రెండిటినీ కలిపి ఒకే మూట కట్టుకున్నది నేనే.

పంతులు దగ్గరికెళ్ళి, "పంతులుగారూ, మిమ్మల్ని అన్న మాట తప్పు" అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏ మాటమ్మా? చాలా అన్నావు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆయనన్నదీ నిజమే కాబట్టి మింగాను.

తర్వాత మామను చూశాను. మా అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తుంటే నాలుగిళ్ళ తాళ్ళు ఒక్కొక్కటే చేతికిచ్చాను. "ఇది మస్తానమ్మది, వదులు పురి. ఇది కామాక్షయ్య ఇంటిది, చింతగింజ గంజి ఎక్కువ పట్టిస్తారు. ఇది మా సామ్రాజ్యానిది, నున్నగా ఉంటాది." అంటూ నవ్వుతున్నాడు. నాది ఇచ్చినప్పుడు నవ్వలేదు. పక్కన పెట్టి, "నీళ్ళియ్యమ్మే" అన్నాడు. అది కూడా రుజువు కాదు, నాకు తెలుసు. దాహం ఎవరికైనా వేస్తుంది.

ఇప్పుడు చేసేది చెప్తాను. వల బాగుకని సామ్రాజ్యం దగ్గర మూరెడు తాడు అప్పు తెచ్చాను. ఈసారి మా పసుపుగుడ్డను ఆ తాడుకు కడతాను. నేను పేనిన తాడుకు తెల్లగుడ్డ కట్టి అదనంగా ఇంకో ముడి వేస్తాను. తెలుపు ఏ ఇంటిదీ కాదు, కాబట్టి దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. మామ చెయ్యి అమాయకమైనదైతే పసుపూ తెలుపూ ఎక్కడైనా రావచ్చు. కాకపోతే, సామ్రాజ్యం తాడు రెండుచోట్ల తగిలేసరికి ఏది కూతురిదో తేలక రెండూ తీస్తాడు, ఎరుపూ పసుపూ ముందు వస్తాయి, తెలుపు ఆఖర్న మిగులుతుంది. ఈ మాట పంతులుకూ, తీర్పు చెప్పిన పెద్దల్లో కామాక్షయ్యకూ ముందే చెప్పాను. కామాక్షయ్య "ఈసారి పాలపొడి లేదు గదా?" అన్నాడు. లేదన్నాను. "అట్లయితే వింటా" అన్నాడు.

నువ్వు మొక్కుకుంటున్నావన్నావు. నేనూ మొక్కుకున్నాను. ఏమని మొక్కుకున్నానో నన్నడగొద్దు.

నాగులమ్మ

*

కొత్తదిబ్బ,
ఏప్రిల్ 1964

చిన్నపోలయ్యకు,

ముడులు తీశారు. వరసగా చెప్తాను, మధ్యలో ఎక్కడైనా తిట్లు వస్తే దాటుకుని చదువుకో.

మామ తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కడవ ముందు కూర్చున్నాడు. మొదటిది ఎరుపు. పోలేరయ్య మీసం దువ్వుకున్నాడు. రెండోది పసుపు. ఊరు ఒక్కసారిగా గొల్లుమంది. "నాగులమ్మకు మొగ పక్క తావు! ఇంక నోరు మూస్తాది!" అని మస్తానమ్మ నా వీపు మీద చరిచింది. మీ బావ ఏడాది తర్వాత నన్ను చూసి నవ్వాడు. నేను రాయిలా నిలబడ్డాను. కామాక్షయ్య నా వైపు చూడటం లేదు, కడవ వైపే చూస్తున్నాడు.

నీలం, ఆకుపచ్చ, ఊదా, అన్నీ వచ్చాయి. మామ ఆఖరి ముడిని పైకెత్తాడు. తెలుపు.

"తెల్లదా? తెల్లదెవురిది?" అని జనంలో ఎవరో అరిచారు.

మామ ముడిని వేళ్ళతో తడిమి, "తెల్లదేంది? పసుపుగుడ్డ గదా. ఇది నాగులమ్మది" అన్నాడు.

అంతే. ఒక్కరూ మాట్లాడలేదు. ఆయనకు ఆ నిశ్శబ్దం అర్థం కాలేదురా. "ఏమైనాది? ఏందబ్బా ఎవురూ మాట్లాడరు?" అని తల అటూ ఇటూ తిప్పాడు. కామాక్షయ్య లేచి, నేను రెండు నెలల కిందట చెప్పిన మాట ఊరికి చెప్పాడు. పంతులు అవునన్నాడు.

అప్పుడు చూడాలి పోలేరయ్యను! క్షణం ఆలస్యం చెయ్యలేదు. "గుడ్డోడు మనందర్నీ మోసం చేసినాడు! వెలెయ్యండి! నిప్పూ నీళ్ళూ ఎవురూ ఇయ్యబాకండి!" అని అందరికంటే ముందు అరిచాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. నోరు తెరిచేలోపు ఆడవాళ్ళ మధ్యనుంచి సామ్రాజ్యం లేచింది. ఎప్పుడూ పల్లెత్తి మాట్లాడని పిల్ల, మామగారు పోలేరయ్య ముఖం మీదే అడిగింది.

"మా నాయన్ని ఒక్కణ్ణే ఎందుకు వెలేస్తారు? 'ఎర్రది ముందు రాకుంటే నీ కూతురు పుట్టింటికొచ్చేస్తాది' అని మా నాయనతో అన్నది నువ్వు కాదా? నా ముందరే గదా అన్నావ్!"

ఓబులేసు తల దించుకున్నాడు. కాదని అనలేదు. పోలేరయ్యకు పెద్దరికం ఆ పూటే పోయింది. షావుకారు లేడు, ఇనస్పెక్టరు లేడు, అమెరికా లేదు. నోరున్న ముసలివాడొకడు, కూతురున్న ముసలివాడొకడు. ఇంతేరా మొత్తం కుట్ర. మూడేళ్ళు నేను సముద్రం అవతలిదాకా వెతికాను, అది మా అరుగు మీద కూర్చుని మా ఇంటి వలలే బాగుచేస్తోంది.

ఊరందరి ముందూ మామనడిగాను. "ఎర్రది ముందు తీసినావు సరే, నాది ఎందుకు ఆఖరికి వదిలినావు? నేనేం చేసినాను నీకు?"

"ఎవురిదో ఒకరిది మిగలాల గదమ్మే" అన్నాడు. "అన్నీ తెలస్తా ఉంటాయి. తెలిసిన చెయ్యి తెలవనట్టు ఎట్ట తీస్తాది? పరాయోళ్ళది మిగిలిస్తే వాళ్ళ ఉసురు తగులుద్ది. నువ్వైతే నా బిడ్డవి. తిట్టుకోని ఊరుకుంటావులే అనుకున్నా."

నేను ఊరుకోలేదు. ఏం తిట్టానో రాయను. అమ్మను కూడా తలుచుకుని తిట్టాను. నా బిడ్డలకు గంజి పలచనైన మూడేళ్ళు ఆయన ముందు పోశాను. ఆయన తల వంచుకుని విన్నాడు. వెలి మాత్రం వెయ్యనివ్వలేదు. వేస్తే ఇద్దర్నీ వెయ్యండి, లేదా ఇద్దర్నీ వదలండి అన్నాను. ఊరు వదిలింది. మళ్ళీ కడవ ముట్టుకోకూడదన్నారు.

వెంటనే ముడులు మళ్ళీ వేశారు. ఈసారి అందరికీ ఒకే ఉండ తాడు, ఒకే కొలత. తీసింది పంతులుగారి భార్య ప్రమీలమ్మ, కళ్ళకు గంతలు కట్టుకుని. వల ఎలా పడతారో కూడా ఆవిడకు తెలియదు. కడవ నేనే తలకిందులు చేసి చూశాను.

పసుపు ఆఖర్న వచ్చింది.

నవ్వకు. మాకు మళ్ళీ బురద తావే. ఎరుపు నడిమధ్యన ఎక్కడో వచ్చింది. నా నోట్లోకి వచ్చిన మొదటి మాట 'మోసం'. నాలుక కొసదాకా వచ్చింది. ఊరంతా నా వంకే చూస్తోంది, పోలేరయ్యతో సహా. ఉండ నాకు తెలుసు, కడవ నాకు తెలుసు, ఆవిడ చెయ్యి నాకు తెలుసు. ఎవర్నీ అనడానికి లేదు. పళ్ళు బిగబట్టి, "సరే, మాది బురద తావు" అన్నాను. ఇంత కోపం నాకు పుట్టి ఎప్పుడూ రాలేదు. ఎవరి మీద పడాలో తెలియక ఇంటికొచ్చి మీ బావ మీద పడ్డాను. ఆయన నవ్వి, పడవకు తారు పూస్తానన్నాడు. అమ్మడట. వచ్చే ఏడు కూడా కడవలో మన ముడి పడుతుంది గదా అన్నాడు.

మామ ఇప్పుడు మా ఇంట్లో ఉంటున్నాడు. సామ్రాజ్యం ఓబులేసుతోనే ఉంది. పోలేరయ్య గడప మాత్రం తొక్కనంటోంది. నేను మామకు కంచంలో అన్నం పెడతాను, మాట్లాడను. నిన్న పెడుతుంటే ఆయనే మెల్లగా అన్నాడు.

"అమ్మే నాగులూ, ఆ రెండోసారి కూడా మీ తాళ్ళతోనే ముడులేసి నా చేతికిచ్చుంటే, నీకు మొగ తావే తీసిపెట్టుండేవాణ్ణి గదే."

గరిటె ఎత్తానురా. నిజంగా ఎత్తాను. "ఇంకోసారి ఆ మాటంటే చెయ్యి విరగ్గొడతా" అని అరిచాను. ఆయన కంచం దగ్గరికి లాక్కుని వేళ్ళు ముడుచుకున్నాడు. ఆ వేళ్ళు చూశాను. ఎత్తిన గరిటెతోనే ఇంకాస్త పులుసు పోశాను.

దీవెనలు, కిందటేడువి కూడా కలిపి.

అక్క నాగులమ్మ